అరగంటలో సాల్మన్ రైస్ బౌల్: బియ్యం కడగడం నుంచి సాస్ దాకా

సాల్మన్ రైస్ బౌల్ ఫొటో చూస్తే ఇదేదో రెస్టారెంట్ వ్యవహారం అనిపిస్తుంది గానీ, విడదీసి చూస్తే అందులో ఉన్నవి నాలుగే: వేడి అన్నం, పెనం మీద కాల్చిన చేప, కొన్ని పచ్చి కూరగాయలు, పైన ఒక సాస్. వీటిలో చేపకు పట్టేది మహా అయితే ఏడెనిమిది నిమిషాలు. అన్నానికి మాత్రం పాతిక ముప్పై నిమిషాలు పడుతుంది. పని నుంచి అలసిపోయి వచ్చిన రోజు భోజనం ఎప్పుడు తయారవుతుందో తేల్చేది చేప కాదు, అన్నం. చాలామంది చేప కదా ముఖ్యం అని ముందు దాని పని పట్టుకుంటారు, అది పెనం మీంచి దిగి చల్లారి బిర్రబిగిసిపోతుంటే కుక్కర్ వంక చూస్తూ నిలబడతారు. అలా కాకుండా బియ్యం మొదట, చేప చిట్టచివర, మిగతా పనులన్నీ ఈ రెండింటి మధ్యలో పెట్టుకోండి. ఈ వరస ఒక్కటి కుదిరితే మిగతాది టెన్షన్ పడాల్సినంత వంట కాదు.

ఇద్దరికి ఏమేం కావాలి

సాల్మన్ ముక్కలు రెండు, ఒక్కోటి 150 గ్రాముల దాకా, తోలుతో ఉన్నవి. పొట్టిగింజ బియ్యం ఒక కప్పు, అంటే దాదాపు 200 గ్రాములు. సాస్‌కు సోయా సాస్ 2 టేబుల్ స్పూన్లు, తేనె 1 టేబుల్ స్పూన్, నిమ్మరసం లేదా రైస్ వెనిగర్ 1 టేబుల్ స్పూన్, ఒక వెల్లుల్లి రెబ్బ, చిన్న అల్లం ముక్క, వేయించిన నువ్వులతో తీసిన నూనె 1 టీ స్పూన్. పైన వేసుకోవడానికి ఒక కీరా, ఒక అవకాడో, ఒక క్యారెట్, రెండు ఉల్లికాడలు, కాసిని నువ్వులు. ఎడమామే గింజలు (అంటే పచ్చి సోయా గింజలు), నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకులు) ఉంటే మంచిదే, లేకపోతే వాటికోసం బజారుకు పరుగెత్తక్కర్లేదు.

నూనె గురించి ఒక మాట. మామూలు నువ్వుల నూనె, వేయించిన నువ్వుల నూనె ఒకటి కాదు. రెండోది ముదురు గోధుమ రంగులో ఉంటుంది, సీసా మూత తీయగానే గుప్పున వాసన కొడుతుంది. దాన్ని వంటనూనెలా పెనంలో పోసి కాచకూడదు, ఆ వాసనంతా పోయి చేదెక్కుతుంది. పొయ్యి కట్టేశాక చివర్లో ఒక్క చెంచా చాలు.

చేప ఎంచుకునేటప్పుడు

అడగాల్సింది నడుమ ముక్క. తోకవైపు ముక్క ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా ఉంటుంది, మందం ఉన్నచోట ఉడికేసరికి పల్చటి వైపు ఎండిపోతుంది. రెండు ముక్కలూ ఒకే మందం ఉండేలా తీసుకోండి, రెండున్నర సెంటీమీటర్లయితే ఈ వంటకు సరిగ్గా సరిపోతుంది. ఫారంలో పెంచిన అట్లాంటిక్ సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ, నిమిషం అటూ ఇటూ అయినా క్షమిస్తుంది. బాగా ఎర్రగా కనిపించే సాకై లాంటి సముద్రపు రకాల్లో కొవ్వు తక్కువ, అవి త్వరగా ఉడుకుతాయి, అంతే త్వరగా పీచులా కూడా మారతాయి. వారం మధ్యలో, సగం ధ్యాస ఫోన్ మీద పెట్టి వండేవాళ్లకు నేనైతే మొదటి రకమే చెబుతాను.

ఫ్రోజెన్ చేపను తక్కువగా చూడక్కర్లేదు. పొద్దున వెళ్లేముందు ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చేస్తే సాయంత్రానికి కరిగి ఉంటుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: గాలి తీసేసి సీల్ చేసిన ప్యాకెట్ అయితే, ఫ్రిజ్‌లో కరగబెట్టే ముందే కవర్ కోసి తెరవాలి. గాలి ఆడని చోట పెరిగే బొట్యులినం అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలో కూడా విషం తయారుచేయగలదు, చేపల్లో దాని భయం ఎక్కువ. పొద్దున మర్చిపోయారా, ముక్కల్ని నీళ్లు చొరబడని జిప్ కవర్లో పెట్టి చల్లటి నీళ్ల గిన్నెలో ముంచండి, అరగంట నుంచి ముప్పావుగంటలో కరుగుతుంది. వేడి నీళ్లలో మాత్రం వద్దు, పైపొర ఉడికిపోయి లోపల మంచుగడ్డ అలాగే ఉంటుంది.

మొదటి పని: బియ్యం

ఇంట్లోకి వచ్చి చేతులు కడుక్కోగానే బియ్యం కొలిచేయండి. పొట్టిగింజ బియ్యం అన్నం కాస్త జిగురుగా, ఒకదానికొకటి అంటుకుని వస్తుంది, చాప్‌స్టిక్స్‌తోనో స్పూన్‌తోనో చేప ముక్కతో కలిపి తీసుకోవడానికి అదే వీలు. పొడవుగింజ బియ్యంతో చేసినా వంట చెడిపోదు, సాస్ మాత్రం గింజలకు పట్టకుండా అడుక్కి జారిపోతుంది. అదే వాడుతుంటే సాస్ కొంచెం చిక్కగా చేసుకోండి.

బియ్యాన్ని మూడు నాలుగు సార్లు కడగండి. నీళ్లు తేటగా రానక్కర్లేదు, పాలలా ఉన్నవి పల్చబడితే చాలు. కడిగాక నీళ్లు పూర్తిగా ఒంపేసి, కప్పు బియ్యానికి కప్పుంపావు నీళ్లు పోయండి. అరగంట నానబెట్టే తీరిక ఉంటే రెండు మూడు చెంచాలు తగ్గించవచ్చు. రైస్ కుక్కర్ ఉంటే మీట నొక్కి మర్చిపోండి. గిన్నెలో అయితే మరుగు రాగానే సెగ బాగా తగ్గించి, మూత గట్టిగా పెట్టి 12 నిమిషాలు, తర్వాత పొయ్యి కట్టేసి మూత తీయకుండా ఇంకో 10 నిమిషాలు. ఈ చివరి పది నిమిషాలు ఎవరికీ ఓపిక ఉండదు, కానీ అన్నం ఉమ్మగిల్లేది అప్పుడే. తొందరపడి మూత తీస్తే పైన పలుకు, అడుగున ముద్ద. చేపను పెనం మీద వేసేది కూడా ఈ పది నిమిషాల్లోనే, కాబట్టి ఎలాగూ ఖాళీగా ఉండరు.

సుషీ అన్నంలా కాస్త పులుపు తగలాలంటే, ఉమ్మగిల్లిన అన్నంలో ఒక టేబుల్ స్పూన్ రైస్ వెనిగర్, ఒక టీ స్పూన్ చక్కెర, చిటికెడు ఉప్పు కరిగించి చల్లి, గింజలు నలగకుండా కింది నుంచి పైకి తిప్పండి. ఇది తప్పనిసరి కాదు. సాస్‌లో ఎలాగూ పులుపు ఉంది కదా అని నేను చాలాసార్లు వదిలేస్తాను.

అన్నం ఉడుకుతుండగా

ముందు చేప సంగతి. ముక్క మధ్యలో మందంగా ఉన్నచోట పొడవునా వేలితో రాయండి, గరుకుగా ఏమైనా తగిలితే అవి సన్నటి ముళ్లు. ట్వీజర్‌తో పట్టుకుని ముల్లు ఏ వైపు వాలి ఉందో ఆ వైపుకే లాగండి, అడ్డంగా లాగితే కండ చీలుతుంది. తోలు మీద పొలుసులు మిగిలి ఉంటే కత్తి వెనకవైపుతో గీకేయండి. తర్వాత రెండు వైపులా కొంచెం ఉప్పు రాసి పక్కన పెట్టండి. కొంచెం అంటే నిజంగానే కొంచెం, ఎందుకంటే ఒక్క టేబుల్ స్పూన్ మామూలు సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అది రెండు చెంచాలు పడబోతోంది. ఉప్పు రాసి పది పదిహేను నిమిషాలు ఉంచితే రుచి లోపలికి దిగడమే కాదు, కాల్చేటప్పుడు చేప పక్కల్లోంచి పెరుగు తరకల్లా తెల్లగా ఊరి వస్తుందే, అది కూడా తగ్గుతుంది. ఆ తెల్లటిది ఆల్బుమిన్ అనే ప్రోటీన్. తినొచ్చు, హాని ఏమీ లేదు, చూడ్డానికే బాగోదు. మరీ ఎక్కువగా వచ్చిందంటే మంట ఎక్కువైందనో, చేప ఎక్కువసేపు ఉడికిందనో అర్థం.

ఈలోపు కీరాను పల్చటి చక్రాలుగా కోసి పావు టీ స్పూన్ ఉప్పు చల్లి వదిలేయండి. పది నిమిషాలకు నీళ్లు ఊరతాయి, పిడికిట్లో పట్టి పిండేసి, ఒక చెంచా వెనిగర్, అర టీ స్పూన్ చక్కెర కలిపి ఫ్రిజ్‌లో పెట్టండి. పిండకుండా వేస్తే బౌల్ అడుగున నీటి మడుగు తయారవుతుంది. క్యారెట్‌ను సన్నటి పుల్లల్లా కోసుకోండి. ఉల్లికాడల తెల్ల భాగం సాస్‌లోకి, పచ్చ భాగం పైన చల్లడానికి. అవకాడోను ఇప్పుడే కోయొద్దు.

సాస్‌కు సోయా సాస్, తేనె, నిమ్మరసం, తురిమిన అల్లం వెల్లుల్లి, తెల్ల ఉల్లికాడలు ఒక గిన్నెలో కలిపి పెట్టుకోండి. చిక్కగా కావాలంటే అర టీ స్పూన్ కార్న్‌ఫ్లోర్‌ను చెంచా నీళ్లలో కలిపి అందులో పోయండి. గోధుమ పడనివాళ్లు సోయా సాస్ సీసా వెనక చదువుకోవాలి, మామూలు సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. వాళ్లకు తమారి అనే జపాన్ సోయా సాస్ రకాల్లో గ్లూటెన్ (గోధుమలో ఉండే ప్రోటీన్) లేదని రాసి ఉన్నది సరిపోతుంది.

చేపను ఈ సాస్‌లో ముందే నానబెట్టాలని చాలా చోట్ల చెబుతారు. నేను వద్దంటాను. తడిసిన చేప పెనం మీద వేగదు, ఆవిరికి ఉడుకుతుంది, పైగా తేనె చేప ఉడికేలోపే మాడి నల్లబడుతుంది. బయట చేదు, లోపల పచ్చి. సాస్‌ను చివరి నిమిషంలో పోస్తే ఆ రెండు బాధలూ ఉండవు.

పెనం మీద

మొత్తం వంటలో కళ్లు పెట్టి చూడాల్సింది ఇదొక్కటే, కాబట్టి ఫోన్ పక్కన పెట్టండి.

పేపర్ టవల్‌తో చేపను అన్ని వైపులా అద్దండి, ముఖ్యంగా తోలు. ఒకసారి అద్ది ఊరుకోకుండా, కొత్త కాగితం తీసుకుని మళ్లీ అద్దండి. రెండోసారి కాగితం దాదాపు పొడిగా రావాలి. తోలు కరకరలాడాలన్నా, పెనానికి అంటుకోకూడదన్నా అసలు మర్మం ఇక్కడే ఉంది, ఖరీదైన పెనంలో కాదు.

నాన్‌స్టిక్ పెనం ఉంటే సుఖం. స్టీలు పెనమైతే ముందు బాగా కాలనిచ్చి, తర్వాత నూనె పోసి, నూనె పల్చగా పారుతూ మెరుస్తున్నప్పుడు చేప వేయండి. వాసన లేని మామూలు నూనె ఒక టేబుల్ స్పూన్ చాలు. మధ్యస్థ మంట మీద తోలు వైపు కిందికి పెట్టండి, మీ వైపు నుంచి అవతలికి వాలుస్తూ పెడితే నూనె చేతి మీద చిందదు. వేసిన వెంటనే తోలు ముడుచుకుని ముక్క వంగుతుంది. అట్లకాడతో పైన పది పదిహేను సెకన్లు నొక్కి పట్టండి, తోలంతా పెనానికి ఆనుతుంది. ఆ తర్వాత ఇక ముట్టుకోవద్దు. కదిపి చూద్దామని చెయ్యి దురద పెడుతుంది, ఆపుకోండి. చిటపటలు ఒకే తీరుగా వినిపిస్తుండాలి. ఆ చప్పుడు మరీ పెరిగి పొగ లేస్తుంటే మంట తగ్గించండి, అసలు వినిపించకపోతే పెంచండి.

ఇప్పుడు పక్క నుంచి వంగి చూడండి. పచ్చి సాల్మన్ ముదురు నారింజ రంగులో, కాస్త గాజులా ఉంటుంది. అడుగు నుంచి ఆ రంగు పాలిపోయి లేత గులాబీలోకి మారుతూ, ఒక గీతలాగా మెల్లగా పైకి ఎక్కుతుంటుంది. గడియారం కంటే ఆ గీతనే నమ్మండి, ఎందుకంటే మీ పెనం వేరు, మీ పొయ్యి వేరు, మీ ముక్క మందం వేరు. గీత ముక్క మందంలో ముప్పాతిక వంతు ఎక్కేసరికి అయిదారు నిమిషాలు పడుతుంది. అప్పుడు అట్లకాడ కిందికి దూర్చండి. తోలు బాగా వేగి ఉంటే దానంతట అదే ఊడి వస్తుంది. పట్టుకుని ఉంటే లాగకండి, ఇంకో అర నిమిషం ఇస్తే వదులుతుంది.

తిరగేశాక ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర. ఉడికిందో లేదో చూడ్డానికి మందంగా ఉన్నచోట ఫోర్క్ గుచ్చి కొంచెం మెలిపెట్టండి. పొరలు పొరలుగా విడిపోతూ లోపల ఇంకా కొంచెం మెరుపు ఉంటే అదే పదును. పొడిపొడిగా రాలిపోతుంటే దాటిపోయింది, సాస్ ఎక్కువ పోసుకుని తినేయడమే. థర్మామీటర్ ఉన్నవాళ్లకు లెక్క ఇది: మధ్యలో 52 డిగ్రీల సెల్సియస్ దగ్గర దింపితే మెత్తగా, రసంతో ఉంటుంది. అమెరికా ఆహార భద్రతా నియమాలు చెప్పేది 63 డిగ్రీలు. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్లు, ఒంట్లో రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్లు తినేటట్టయితే మెత్తదనం గురించి ఆలోచించకుండా 63 దాకా ఉంచండి.

కొందరు ఇదే చేపను పచ్చిగా కోసి అన్నం మీద వేసుకోవచ్చా అని అడుగుతారు. వండడానికని కొన్న ముక్కతో అలా చేయొద్దు. సముద్రంలో తిరిగే సాల్మన్‌లో అనిసాకిస్ లాంటి పురుగులు ఉండొచ్చు. పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు గడ్డకట్టించి ఉంచాలని అమెరికా నియమం, ఇంట్లో ఫ్రీజర్ అంత చల్లదనాన్ని నిలకడగా పట్టి ఉంచుతుందని నమ్మలేం. జపాన్‌లో కూడా సుషీ మీదికి పచ్చి సాల్మన్ వచ్చింది 1980లలో నార్వేవాళ్లు ఫారం చేపను తీసుకొచ్చి గట్టిగా ప్రచారం చేశాకే, అంతకుముందు అక్కడ దాన్ని ఉప్పు పట్టించి కాల్చుకునే తినేవాళ్లు.

సాస్

చేపను పళ్లెంలోకి తీసేయండి, తోలు పైకి ఉండేలా. తోలు కిందికి పెడితే ఆవిరికి మెత్తబడి ఇంతసేపు పడ్డ శ్రమ పోతుంది. పెనంలో నూనె ఎక్కువగా ఉంటే కాగితంతో తుడిచి, సన్నని సెగ మీద సాస్ పోయండి. పెనం వేడిగా ఉంది కాబట్టి వెంటనే నురగలు కడుతుంది, 40 సెకన్లలో చెంచాకు పట్టేంత చిక్కబడుతుంది. గరిటెతో గీస్తే ఆ దారి ఒక క్షణం అలాగే నిలవాలి. పొయ్యి కట్టేసి అప్పుడు వేయించిన నువ్వుల నూనె కలపండి. మరీ చిక్కబడి తీగ సాగుతుంటే రెండు చెంచాల నీళ్లు పోస్తే దారికొస్తుంది.

కారం కావాలనుకునేవాళ్లకు ఇంకో సాస్: మూడు చెంచాల మయోనీజ్‌లో ఒకటి రెండు టీ స్పూన్ల శ్రీరాచా అనే మిరప సాస్, కాస్త నిమ్మరసం. రెండు సాస్‌లూ పోసుకుంటే ఎవరూ కాదనరు.

బౌల్ సర్దడం

అన్నాన్ని గరిటెతో ఒకసారి విదిపి బౌల్‌లో సగం దాకా వేయండి, అదమొద్దు. దాని మీద ఒక చెంచా సాస్ ముందే చల్లితే అన్నం చప్పగా ఉండదు. చేపను ఫోర్క్‌తో పెద్ద పెద్ద తునకలుగా విడదీసి ఒక పక్క పెట్టండి, చిన్నగా నలిపితే అన్నంలో కలిసిపోయి కనపడకుండా పోతుంది. మిగతా చోట్లలో కీరా, క్యారెట్, అప్పుడే కోసిన అవకాడో, ఉడికించిన ఎడమామే. అన్నం, చేప వేడిగా, కూరగాయలు ఫ్రిజ్ చల్లదనంతో ఉంటేనే దీని మజా, అందుకే కీరాను ఫ్రిజ్‌లో పెట్టమన్నాను. మిగిలిన సాస్ చేప కండ మీద పోయండి, తోలు మీద కాదు. తోలును విడిగా ముక్కలు చేసి అప్పడంలా పైన గుచ్చితే పిల్లలు ముందు దానికోసమే కొట్టుకుంటారు. నువ్వులు, ఉల్లికాడలు చల్లి, నోరి ఉంటే తినే ముందు పక్కన పెట్టుకోండి. ముందే వేస్తే ఆవిరికి తోలులా సాగుతుంది.

పెనం దగ్గర నిలబడే ఓపిక లేకపోతే

ఎయిర్ ఫ్రయ్యర్‌లో 200 డిగ్రీల దగ్గర మొత్తం ముక్కకు 7 నుంచి 9 నిమిషాలు. తోలు తీసి రెండున్నర సెంటీమీటర్ల ఘనాలుగా కోస్తే 5 నిమిషాలకే అయిపోతుంది, ముక్కలు అన్ని వైపులా వేగుతాయి కూడా. కానీ చిన్నముక్కలు ఒక్క నిమిషం ఎక్కువైతే ఎండిపోతాయి, అందుకే నాకు పెనమే ఇష్టం. నలుగురైదుగురికి చేస్తుంటే మాత్రం ఒవెన్ మేలు, ట్రేలో వరసగా పేర్చి 200 డిగ్రీల దగ్గర 10 నుంచి 12 నిమిషాలు, సాస్‌ను విడిగా చిన్న గిన్నెలో మరిగించుకోండి. డబ్బా సాల్మన్‌తో కూడా చేయొచ్చు, నీళ్లు ఒంపేసి మయోనీజ్, శ్రీరాచా కలిపి వేడి అన్నం మీద వేసుకుంటే పది నిమిషాల భోజనం. అది వేరే రుచి అనుకోండి.

మిగిలితే

అన్నం, చేప విడివిడి డబ్బాల్లో, వండిన రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. అన్నం విషయంలో ఇంకా తొందరపడితే మంచిది. పచ్చి బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గిన్నె అలా బయట వదిలేస్తే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినంత మాత్రాన ఆ విషం పోదు. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే త్వరగా చల్లారుతుంది. మర్నాడే తినేయండి.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం బిరుసెక్కుతుంది. దీనికి 2021లో ఎమిలీ మారికో టిక్‌టాక్‌లో చూపించి ఊరూరా పాకిన చిట్కా ఉంది: చేపను ఫోర్క్‌తో చిదిపి, పైన అన్నం వేసి, అన్నం మీద ఒక ఐసు ముక్క పెట్టి, బేకింగ్ కాగితం కప్పి మైక్రోవేవ్‌లో పెట్టడం. ఐసు పూర్తిగా కరగదు, దాని తడికి పుట్టిన ఆవిరితో అన్నం మళ్లీ మెత్తబడుతుంది. ఐసే కావాలని లేదు, రెండు చెంచాల నీళ్లు చల్లి మూత పెట్టినా అదే పని జరుగుతుంది. అన్నం మధ్యలో కూడా పొగలు వచ్చేదాకా వేడి చేయండి. నేను మాత్రం చేపను చివరి అర నిమిషం పెడతాను, లేదంటే ఎక్కువ వేడికి నీచు వాసన లేచి వంటిల్లంతా పాకుతుంది. ఆఫీసు మైక్రోవేవ్ అయితే చేపను అసలు వేడి చేయకండి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి చేపను వేడి అన్నం మీద వేసుకున్నా బాగుంటుంది, పక్కసీటు వాళ్లతో మాట పడక్కర్లేదు. కీరా, సాస్ చిన్న డబ్బాల్లో విడిగా తీసుకెళ్లండి. అవకాడోను కోయకుండా కాయగానే తీసుకెళ్లి అక్కడే కోసుకోండి.